పదకొండు గంటల భయం

ఉప్పుదిబ్బ బిజినెస్ విమానాశ్రయం, ఆరో తనిఖీ కేంద్రం.
నమోదు చేస్తున్నది: దేవసేన, పర్యావరణ తనిఖీదారు.

జూన్ 3

ఉదయం ఆరున్నరకి విమానాల మోత కొలిచే మైకులు తుడిచాను. ఎనిమిది మైకులకీ ఉప్పు పట్టింది. రెండు రోజులుగా తూర్పు గాలి. బ్రష్షుతో పోలేదు, మంచినీళ్లలో ముంచిన గుడ్డతో తీయాల్సి వచ్చింది. నాకు రోజుకిచ్చే నీళ్లలో అర లీటరు దానికే అయిపోయింది. గాల్లో మసి పట్టే పలకలు మార్చాను. సరస్సు నీళ్లు నాలుగు సీసాల్లో పట్టి ముద్ర వేశాను.

విమానాలు ముప్పై ఎనిమిది. అనుమతి నలభైకి. అన్నీ పగటి వేళల్లోనే. ఎగిరిన ప్రతిదీ ఎడమకు తిరిగి నీటి మీదుగానే పోయింది, ఊరి మీదుగా ఒక్కటీ పోలేదు.

కుండ పదకొండు శాతం.

కుండ అన్నది ఊరివాళ్ల మాట. రేవు దగ్గరి బోర్డు మీద కుండ బొమ్మ ఉంటుంది. ఏడాదికి ఈ విమానాశ్రయం ఎంత మోత చేయవచ్చో ముందే నిర్ణయించారు. నా మైకుల్లో పడ్డ మోతంతా రోజూ ఆ కుండలో చేరుతుంది. నిండిన రోజున రన్‌వేకి తాళం, మళ్లీ జనవరి దాకా. పోయినేడు మే నెలకే నిండింది. ఈ ఏడు జూన్ వచ్చినా అడుగు తడిసిందంతే. జనవరిలో రన్‌వేకి రెండు వైపులా నిలబెట్టిన నిశ్శబ్ద స్తంభాల వల్ల అది. విమానం మోతకి అవి ఎదురు మోత పుట్టిస్తాయి, రెండూ ఒకదాన్నొకటి మింగేస్తాయి. ఇప్పుడు నెత్తి మీద నుంచి జెట్టు పోతున్నా గాలికి టార్పాలిన్ ఊగినంత చప్పుడే వినబడుతుంది.

ఇంకొకటి రాయాలో వద్దో తెలియడం లేదు. పదకొండు దాటాక నాలుగో మైకు దగ్గర నిచ్చెన మీద ఉన్నాను. వెనక ఎవరో నిలబడ్డారనిపించింది. కంటి చివర బూడిదరంగు ఆకారం. తిరిగి చూస్తే ఉప్పు నేల తప్ప ఏమీ లేదు. కానీ గుండెదడ ఆగలేదు, చెమటలు పట్టాయి. నలభై ఒక్కేళ్ల మనిషిని, పనిముట్లు పారేసి కేంద్రంలోకి పరుగెత్తి తలుపు గడియ పెట్టుకున్నాను. ఐదు నిమిషాలకి అంతా మామూలైపోయింది. సిగ్గేసింది.

జూన్ 9

విమానాలు నలభై. కుండ పదకొండున్నర శాతం.

కొంగల గూళ్లు లెక్కపెట్టాను. మార్చిలో అరవై ఒకటి. ఈ రోజు నాలుగు. గుడ్లున్నాయి, పొదిగే పక్షులు లేవు. నివేదికలో కారణం ఎండలు అని రాశాను. వేరే ఏం రాయాలో తోచలేదు.

మూడుసార్లు నాలుగో మైకు దగ్గరికి బయల్దేరి మూడుసార్లూ మధ్యలోనే తిరిగి వచ్చాను. పదకొండు లోపు వెళ్తే ఏమీ కాదు. పదకొండు తర్వాత కాళ్లు కదలవు.

కేంద్రానికి పక్కిల్లు చెంగమ్మది. అరవై ఎనిమిదేళ్లు. పాత హైవే సరస్సులో మునగకముందు దాని పక్కన ఎండుచేపలు అమ్మేది. ఇప్పుడు కోడలు వనజతో కలిసి పీతలు పట్టి అవతలి గట్టుకి పంపుతుంది. సాయంత్రం నాకు పులుసు తెచ్చిచ్చింది. మాటల మీద, కోళ్లు గుడ్లు మానేశాయని, వనజ పదకొండయ్యేసరికి పని వదిలేసి మంచం కింద దూరుతోందని చెప్పింది. నేను నా సంగతి చెప్పాను. ఎవరికైనా చెప్పడం అదే మొదటిసారి. ఆమె నవ్వలేదు.

"నాకూ వస్తా ఉండాది అమ్మణ్ణీ. దెయ్యమని అంటా ఉండారు ఊళ్లో. దెయ్యమైతే రోజూ టైముకి వస్తాదా?" అంది.

ఆ మాట తర్వాత నాకు అన్నం సహించలేదు. ఒక్కదానికే వస్తే అది జబ్బు. అందరికీ ఒకే వేళకి వస్తే మరేమిటి?

జూన్ 17

పదకొండు గంటల ఆరు నిమిషాలకి రేవు పడవ మునిగింది. ఇరవై మంది ఉన్నారు. ఇద్దరు పోయారు. ఉప్పు మడుల్లో పనిచేసే పెంచలయ్య ఒకరు. రెండో మనిషి వనజ.

నేను చూశాను. రెండో మైకు దగ్గర నిచ్చెన మీద ఉన్నాను, అక్కడినుంచి రేవు స్పష్టంగా కనబడుతుంది. పడవ నిదానంగా వస్తోంది. గాలి లేదు, నీళ్లు కదలడం లేదు. ముందు నాకు భయం వచ్చింది. నిచ్చెనని రెండు చేతులతో కరిచిపట్టుకున్నాను. అప్పుడే పడవ ఉన్నట్టుండి పక్కకి తిరగడం, జనమంతా లేచి ఒకవైపుకి పడడం కనిపించింది. పాత హైవే దీపస్తంభం ఒకటి నీళ్ల కింద ఉంది, పడవ నడిపేవాళ్లందరికీ తెలుసు. పడవ తిన్నగా పోయి దానికి గుద్దుకుంది.

నేను కిందికి దిగలేదు. నాకు ఈత వచ్చు. రేవు రెండు వందల అడుగుల దూరం. నాలుగు నిమిషాల పాటు నిచ్చెన వదలలేకపోయాను. చేతులు విడిచేసరికి వనజని ఒడ్డుకి తీసుకొచ్చి పడుకోబెట్టారు. చెంగమ్మ ఆమె జుట్టులో చిక్కుకున్న నాచు తీస్తోంది. ఏడవలేదు. ఒక్కో పోగూ తీసి పక్కన పెడుతోంది.

విమానాలు ముప్పై తొమ్మిది. ఈ రోజు మిగతా మైకులు తుడవలేదు.

జూన్ 19

పడవ నడిపిన జిలానీని తాగి ఉన్నాడని పట్టుకెళ్లి, పరీక్షలో ఏమీ తేలక వదిలేశారు. లైసెన్సు మాత్రం తీసేసుకున్నారు. ఊళ్లో ఎవరూ అతనితో మాట్లాడడం లేదు. ఇరవై రెండేళ్లుగా ఆ రేవులో పడవ నడుపుతున్న మనిషి. వనజ పెళ్లికి జనాన్ని దాటించింది అతనే.

నేను వెళ్లాను. గడప మీద కూర్చుని ఉన్నాడు. ఏం జరిగిందని అడిగాను.

"నేను తాగలేదు మేడం. రొమ్ములో ఏందో వణికింది. ఎదురుగా నీళ్లలోంచి గోడ లేచినట్టు అగపడినాది. అంత పెద్ద గోడ. తిప్పేసినా," అన్నాడు. "గోడ లేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు ఉండాది."

నేను ఇంటికొచ్చి నా పాత నమోదులు తీశాను. పదకొండు ఆరుకి పని మధ్యలో ఆగిపోయిన రోజులన్నీ గుర్తు పెట్టాను. పక్కన విమానాల పట్టిక పెట్టుకున్నాను. రోజూ పదకొండు గంటల నాలుగు నిమిషాల నుంచి మూడు పెద్ద జెట్లు వెంటవెంటనే ఎగురుతాయి. కంపెనీల పెద్దలు నడిసముద్రంలో తేలే ఆఫీసులకి పోయే వేళ అది. అప్పుడొక్కసారే రెండు వైపుల స్తంభాలూ పూర్తి బలంతో పనిచేస్తాయి. ఆదివారం ఆ మూడూ ఉండవు. ఆదివారం నాకు ఎప్పుడూ భయం వేయలేదు.

పట్టికతో సరిచూసుకుంటూ ఇది రెండుసార్లు రాశాను.

జూన్ 26

అనుమానం ఉంటే సరిపోదు. ఊళ్లో ప్రతి ఇంటినీ ఒక్కటే అడిగాను: వారం రోజుల పాటు, భయం వచ్చినప్పుడు గడియారం చూసి, తలుపు మీద బొగ్గుతో గంట రాయండి, ఇంకెవరితోనూ చెప్పొద్దు. పందొమ్మిది ఇళ్లవాళ్లు ఒప్పుకున్నారు. ఈ రోజు తలుపులన్నీ తిరిగి చూశాను. పదకొండు ఆరు, పదకొండు ఏడు, పదకొండు ఆరు. అన్ని తలుపుల మీదా అదే. గడియారం లేని ఒక ఇంట్లో గీతలు మాత్రం గీశారు, ఆదివారం తప్ప రోజుకొకటి.

చెంగమ్మ తలుపు మీద ఆరు గీతలున్నాయి. కింద ఒక గుండ్రం. అదేమిటని అడిగాను. ఆ గుండ్రం వనజకట.

ఈ ఉదయం పళ్లెంలో నీళ్లు పోసి నాలుగో మైకు పక్కన బల్ల మీద పెట్టాను. కేంద్రంలో గడియ పెట్టుకుని కిటికీలోంచి దుర్భిణితో చూశాను. పదకొండు నాలుగు దాకా నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఆరుకి వాటి మీద సన్నటి వలయాలు లేచాయి. ఆకు కదలడం లేదు. చప్పుడు లేదు. నీళ్లు మాత్రం వణికాయి, గదిలో నేను వణికినట్టే.

స్తంభాలు మోతని చంపడం లేదు. చెవికి అందనంత కిందికి తొక్కేస్తున్నాయి. అక్కడది బతికే ఉంది. చెవి వినదు, ఒళ్లు వింటుంది.

జూన్ 27

విమానాశ్రయానికి వెళ్లాను. మేనేజరు విద్యాధర్ మర్యాదస్తుడు. టీ ఇచ్చాడు, వనజ గురించి బాధపడ్డాడు. అతని గది నాలుగు వైపులా మందపాటి అద్దం.

తలుపుల మీది గంటలు, విమానాల పట్టిక, పళ్లెం సంగతి అన్నీ చెప్పాను. అతను చివరిదాకా విన్నాడు. స్తంభాలు నిబంధనల ప్రకారమే ఉన్నాయన్నాడు. సెకనుకి ఇరవై కంటే తక్కువసార్లు కదిలేదాన్ని మైకులు లెక్కలోంచి తీసేయడం కూడా నిబంధన ప్రకారమేనన్నాడు. పుస్తకం తెరిచి నాలుగో నిబంధన చదివాడు.

"శబ్దమనగా మనిషి చెవికి వినబడునది. వినబడనిది ఈ నిబంధనల కిందికి రాదు."

ఆ రెండు వాక్యాలూ నావి. పద్నాలుగేళ్ల కిందట నిబంధనల కమిటీలో నేను రాతపని చేసేదాన్ని. చెవికందని గబ్బిలాల కూతలు, గాలిమరల గుసగుసలు కూడా లెక్కలో పడి కుండ ఊరికే నిండిపోతుందని కంపెనీలు గొడవ చేస్తే, ఒక మధ్యాహ్నం కూర్చుని ఆ వాక్యాలు రాశాను. స్పష్టంగా ఉన్నాయని అందరూ మెచ్చుకున్నారు. నేనూ మురిసిపోయాను.

ఆ సంగతి విద్యాధర్‌కి చెప్పలేదు. అతను ఇంకొక కాగితం నా ముందు పెట్టాడు. కుండ ఖాళీగా ఉంది కాబట్టి రోజుకి నలభై విమానాల్ని తొంభై చేయాలని దరఖాస్తు. విచారణ జూలై రెండున. దాని మీద నా ముద్ర కావాలి. ముద్ర వేయనంటే ఏ నిబంధన తప్పారో చూపించాలి.

పదకొండు కావస్తుంటే లేచాను. ఇంకాసేపు కూర్చోమన్నాడు. ఈ వేళలో బయటికి ఎందుకన్నాడు. అంత మామూలుగా అన్నాడు. నేను అతని ముఖం చూశాను, అతను టీ కప్పు చూసుకున్నాడు.

అతనికి తెలుసు.

దరఖాస్తులోని పట్టిక ప్రకారం తొంభై అంటే రోజులో పన్నెండు సార్లు ఇదే. నేను ఆ గదిలోనే కూర్చుండిపోయాను. అద్దాల వెనక భయం రాలేదు. రాకపోవడమే ఇంకా భయంగా ఉంది.

జూలై 2

తనిఖీదారుకి ఒక హక్కుంది. విచారణ ఎక్కడ జరగాలో చెప్పవచ్చు. రేవు దగ్గర, పదకొండింటికి అని రాసిచ్చాను. నిబంధనల కమిటీ నుంచి నలుగురు వచ్చారు, వాళ్లకి పెద్ద హైమావతి. తెల్లజుట్టు, తక్కువ మాట. నీళ్లపైన మిగిలిన పాత హైవే గట్టు మీద కుర్చీలు వేశారు. ఊరు ఊరంతా వచ్చింది. చెంగమ్మ ముందు వరసలో ఉంది. జిలానీ దూరంగా ఒక్కడే నిలబడ్డాడు. బల్ల మీద నీళ్ల పళ్లెం పెట్టాను.

పదకొండైంది. పదకొండు ఆరైంది. పదకొండు పదైంది. నీళ్లు కదలలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. కమిటీ గౌరవార్థం ఈ గంటలో విమానాలు ఆపించానని విద్యాధర్ వినయంగా చెప్పాడు.

కమిటీలో ఒకాయన గడియారం చూసుకున్నాడు. హైమావతి దరఖాస్తు తీసి కలం మూత విప్పింది. తనిఖీదారుగా ఇంకేమైనా చెప్పేదుందా అని అడిగింది. వెనక జనంలో ఎవరో నా వల్ల పరువు పోయిందని గొణిగారు.

రన్‌వే చివర కమిటీని తెచ్చిన విమానం నిలబడి ఉంది. రెండు ఇంజన్ల పెద్ద జెట్టు.

"మేడం, మీ విమానాన్ని ఖాళీగా ఒక చుట్టు తిరిగి రమ్మనండి. రెండు వైపుల స్తంభాలూ పూర్తి బలంతో నడపమనండి. మనం ఇక్కడే కూర్చుందాం," అన్నాను.

ఆమె ఆలోచించే లోపే విద్యాధర్ లేచాడు. "వద్దు మేడం," అన్నాడు.

"ఎందుకొద్దు? చప్పుడే రాదన్నారుగా," అంది హైమావతి.

ఆమె ఫోన్ తీసి పైలట్‌తో, స్తంభాలు నడిపేవాళ్లతో మాట్లాడింది. విద్యాధర్ పనుందని చెప్పి ఆఫీసు వైపు నడవబోయాడు. ఆమె కుర్చీ చూపించింది. కూర్చున్నాడు, రెండు చేతులతో కుర్చీ అంచు పట్టుకుని.

నాకు ఏం రాబోతుందో తెలుసు. తెలిస్తే తగ్గుతుందనుకున్నాను. తగ్గదు. జెట్టు చప్పుడు లేకుండా లేచింది. ముందు పళ్లెంలో వలయాలు. తర్వాత నా పొట్టలో. కళ్ల అంచుల్లో బూడిదరంగు కమ్ముకొచ్చింది. నా వెనక ఉన్న సరస్సంతా లేచి నిలబడిందనిపించింది. వెనక్కి చూడకూడదని గట్టిగా అనుకుని పళ్లేన్నే చూస్తున్నాను. గడియారం చూసుకున్న పెద్దమనిషి కుర్చీ తన్నేసి గట్టు కిందికి పరుగెత్తాడు, చెప్పు ఊడిపోయినా ఆగలేదు. ఇంకొకామె చీర చెంగు నోట్లో కుక్కుకుంది. జనంలో పిల్లల ఏడుపు. హైమావతి కదలలేదు. ఆమె చేతిలోని కలం మాత్రం కాగితం మీద టకటకా కొట్టుకుంటోంది.

నాలుగు నిమిషాలు. నీళ్లు ఆగాయి.

అప్పుడు చెంగమ్మ లేచి కమిటీ ముందుకి వెళ్లింది.

"నా కోడలు ఈ భయంతోనే నీళ్లలోకి పోయింది. మీరు గట్టు మీద ఉండారు. అది పడవలో ఉండింది," అంది. అంతే చెప్పి వచ్చి కూర్చుంది.

భయం ఏ నిబంధన కిందికీ రాదని విద్యాధర్ నీరసంగా అన్నాడు. అది నిజమే. నేను లేచి నాలుగో నిబంధన రాసింది నేనేనని చెప్పాను. ఎందుకు రాశానో, ఎవరి కోసం రాశానో, మెచ్చుకుంటే ఎంత మురిసిపోయానో అంతా చెప్పాను. జనం వైపు చూడలేకపోయాను. దాన్ని కొట్టేయమని అడిగాను. ముద్ర వేయనని చెప్పి ముద్రని బల్ల మీద పెట్టేశాను.

హైమావతి కలం పక్కన పెట్టేసింది. ఉత్తర్వు పక్కవాళ్ల చేత రాయించింది. దరఖాస్తు నిలిపివేత. స్తంభాలు ఈ రోజు నుంచే ఆపాలి. పడవ ప్రమాదం మీద మళ్లీ విచారణ. నాలుగో నిబంధన సంగతి పూర్తి కమిటీ తేల్చేదాకా విమానాల మోతంతా ఉన్నదున్నట్టు కుండలో పడాలి.

ముద్రని ఆమె నా వైపు జరిపింది. ఇది నీ దగ్గరే ఉండాలని మాత్రం అంది. తిరుగు ప్రయాణానికి విమానం ఎక్కలేదు. నలుగురూ రోడ్డున్నంత మేరా కారులో, మిగతాది పడవలో పోయారు.

జూలై 8

విమానాలు నలభై. కుండ పద్దెనిమిది శాతం. ఈ లెక్కన నవంబరు మధ్యకల్లా నిండుతుంది.

మోత భరించలేనిది. ఆరు నెలలు మరిచిపోయాం. జెట్టు లేస్తే కిటికీలు అదురుతాయి, మాట మధ్యలో ఆపుకోవాలి. ఊళ్లో ఇద్దరు నా దగ్గరికి వచ్చి తిట్టిపోయారు, స్తంభాలే నయమన్నారు. ఒకామె నిబంధన రాసినదాని ముఖం చూడనని తలుపు వేసుకుంది. ఆమెని తప్పుపట్టలేను.

నాలుగో మైకు దగ్గరికి ఇప్పుడు ఏ వేళైనా వెళ్లగలను. కానీ పదకొండు కొట్టగానే చేతులు వాటంతటవే నిచ్చెనని పట్టుకుంటున్నాయి. ఊరంతా ఆ వేళకి ఉన్నచోట ఆగిపోతోంది. బావి దగ్గర తాడు ఆగిపోతుంది. ఏమీ రాదు. వచ్చేదాకా అన్నట్టు నిలబడే ఉంటాం.

జూలై 21

జిలానీకి లైసెన్సు తిరిగి ఇచ్చారు. అతను వారం దాకా పడవ ముట్టుకోలేదు. అవతలి గట్టు నుంచి మందులు, బియ్యం రావాలి. ఈ రోజు బయటికి తీశాడు.

రేవులో ఎనిమిది మందిమి నిలబడ్డాం. ఎవరూ ముందు ఎక్కడం లేదు. అతను తాడు పట్టుకుని తల వంచుకున్నాడు. చెంగమ్మ పీతల బుట్టతో వచ్చింది. పడవ దగ్గర ఆగింది. నెల రోజులుగా వాళ్లిద్దరూ ఎదురుపడలేదు. ఆమె బుట్ట అతని చేతికిచ్చి, ఎక్కి ముందు బల్ల మీద కూర్చుంది. వనజ కూర్చునే చోటు అదని తర్వాత తెలిసింది. ఆమె వెనక మేమంతా ఎక్కాం.

సరస్సు మధ్యలోకి వచ్చేసరికి పదకొండైంది. అందరం ఎటువాళ్లం అటే బిగుసుకుపోయాం. నా గోళ్లు అరచేతిలో దిగాయి. జిలానీ ముఖం తెల్లబడింది, చుక్కాని మీంచి చేయి తీసేశాడు. పడవ నెమ్మదిగా పక్కకి తిరగసాగింది. అటు వైపు నీళ్ల కింద ఆ దీపస్తంభం ఉంది. ఎవరూ కదల్లేదు, కదిలితే ఏమవుతుందో అందరికీ తెలుసు.

అప్పుడు మొదటి జెట్టు లేచింది. మోతకి పడవ చెక్కలు అదిరాయి. చెంగమ్మ బల్ల మీంచి లేవకుండా వెనక్కి తిరిగి అతన్ని చూసి ఏదో చెప్పింది. ఆ హోరులో నాకు ఒక్క మాటా వినబడలేదు. అతనికి వినబడిందో, పెదాలు చూసి తెలుసుకున్నాడో. తల ఊపాడు. చేయి మళ్లీ చుక్కాని మీద పెట్టాడు.

పదకొండు నాలుగు, ఐదు, ఆరు. మూడూ ఎగిరాయి. మూడూ మైకుల్లో పడ్డాయి.

పడవ అవతలి గట్టుకి చేరింది. తొమ్మిది మంది ఎక్కాం. తొమ్మిది మందీ దిగాం.